వీధిలో మూడో కొట్టు

టైలరమ్మ కొట్టుకు సీలు వేసిన రోజున, ఆ సీలు కింద చుట్టిన గుడ్డముక్క ఇచ్చింది ఎవరో కాదు, సాక్షాత్తూ టైలరమ్మే. చోద్యం కాకపోతే ఏమిటి చెప్పండి! పొద్దున్నే వీధి మొదట్లో జీపు ఆగింది. ఆఫీసరు గారు దిగి, వేలు చూపిస్తూ ఒకటి, రెండు, మూడు అని కొట్లు లెక్కపెట్టి, బంట్రోతును ముందుకు తోశారు. వాడొచ్చి, "అమ్మా, తాళానికి చుట్టడానికి గుడ్డముక్క ఏదైనా ఉందా?" అని అడిగాడు. వీధి ఆ చివరనున్న బ్యాటరీల కొట్టువాడి పాపం ఇన్నాళ్ళకు పండిందనుకుని టైలరమ్మ తెగ సంబరపడింది. మంచి కాటన్ గుడ్డ ఏరి, పోగులు లేవకుండా అంచు మడిచి కుట్టి మరీ ఇచ్చింది. "కాస్త బయటికి రండమ్మా" అన్నాడు. వచ్చింది. తలుపు దగ్గరికి లాగారు, తాళం బిగించారు, ఆవిడ గుడ్డ ఆవిడ తలుపుకే చుట్టారు, లక్క కరిగించి ముద్ర కొట్టారు. జీపు సందు మలుపు తిరిగాక గానీ ఆవిడకు సంగతి బోధపడలేదు.

అసలు సంగతి వీధిలో అందరికీ తెలుసు. బ్యాటరీల కొట్టువాడు పాత బ్యాటరీలు పగలగొట్టి, ఆ యాసిడ్ నీళ్ళన్నీ కాలవలోకి వదిలేసేవాడు. కాలవ పక్కన నడిస్తే కళ్ళు మండేవి, పిల్లల కాళ్ళకు పొక్కులు లేచేవి. వీధివాళ్ళు వెళ్ళి ఊరి సభకు మొరపెట్టుకుంటే, సభవాళ్ళు ఏకగ్రీవంగా చేతులెత్తి శాసనం చేశారు: "ఆ వీధిలో మూడో కొట్టును మూసివేయవలెను." బ్యాటరీల కొట్టు అని రాస్తే వాళ్ళ సొమ్మేం పోయిందని అడుగుతారేమో. పేరు పెట్టి ఒక్కడి మీద శాసనం చేస్తే అది తీర్పు చెప్పడం అవుతుందట. తీర్పులు కోర్టు పని అట. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదట. అందుకని ఆ మహానుభావులు పేరు వదిలేసి లెక్క రాశారు. ఆ చివర నుంచి లెక్కపెడితే మూడోది బ్యాటరీల కొట్టు. ఈ చివర నుంచి లెక్కపెడితే మూడోది టైలరమ్మ కొట్టు. ఆఫీసరు గారు జీపు ఈ చివరే ఆపించారు, ఎందుకంటే ఆ చివర యాసిడ్ వాసన!

సీలు పడ్డ తలుపు వెనక ఆవిడ బతుకంతా ఉంది. కాలితో తొక్కే మిషను ఉంది. పెళ్ళి కాకముందు ఊరందరి గుండీలూ కాజాలూ కుట్టి తన కష్టంతో కొనుక్కున్న మిషను అది, ఎవరూ పెట్టింది కాదు. కత్తెర, టేపు, ఇస్త్రీపెట్టె, సగం కుట్టిన జనాల బట్టలు, అన్నీ లోపలే. నూనె చుక్క పడకపోతే ఆ మిషను బిగుసుకుపోతుంది. మొగుడు బస్సు నడుపుతాడు. మంచివాడే. తల్లి ఏమన్నా తలూపుతాడు, పెళ్ళాం ఏమన్నా తలూపుతాడు, ఇద్దరూ ఒకేసారి అంటే బస్సు టైమైందని లేస్తాడు. ఇల్లు నడిచేది ఆ మిషను మీదే. ఇక అత్తగారంటారా, ఆవిడ నోటికి సీలు వేసే సర్కారు ఇంకా పుట్టలేదు. "సీలు వేస్తామంటే గుడ్డ ఇచ్చావు సరే, అంచెందుకు కుట్టావే తల్లీ?" అని రోజుకోసారి అడిగేది.

టైలరమ్మ కోడలుగా ఎంత ఓపిక పట్టిందో పౌరురాలిగా అంతే ఓపిక పట్టింది. పొద్దున్నే తల దువ్వుకుని సర్కారు భవనానికి వెళ్ళింది. భవనమంటే భవనం కాదు. పాత భవనం పైకప్పు పెచ్చులూడి పడుతోందని, మూతపడ్డ సినిమా హాలొకటి ఉంటే తాత్కాలికంగా అందులోకి మారారు. ఆ తాత్కాలికానికి గడ్డాలూ మీసాలూ వచ్చాయనుకోండి. కింద తెర ముందర కుర్చీల్లో సభ. పైన బాల్కనీలో కోర్టు. బయట టికెట్లమ్మే గదిలో ఆఫీసరు గారు. ముగ్గురికీ కప్పు ఒకటే, పంకాల గాలి ఒకటే. కింద దగ్గితే పైన వినపడుతుంది, పైన ఆవులిస్తే కింద వినపడుతుంది. కానీ ఒకరి మాట ఇంకొకరు వినకూడదని వాళ్ళు కట్టడి చేసుకున్నారు. కోర్టులో వాదన నడుస్తున్నంతసేపూ కింద సభ్యులు పేపర్లు మొహాలకు అడ్డం పెట్టుకుంటారు. సభలో కొట్లాట ముదిరితే పైన జడ్జిగారు కళ్ళు మూసుకుంటారు, కళ్ళతో వింటున్నట్టు!

ముందు టికెట్ల కిటికీ దగ్గర నిలబడింది. చెయ్యి పట్టేంత కంత అది. నడుం వంచి ఆ కంతలోకి మాట్లాడాలి.

"సార్, మీరు నా కొట్టుకు సీలేశారు. మూసెయ్యాల్సింది బ్యాటరీల కొట్టండి."

"మూడో కొట్టన్నారు. మూడోదానికే వేశాం."

"ఆ చివర నుంచి మూడోది సార్!"

"ఆ చివర నుంచా, ఈ చివర నుంచా అన్నది నాకు చెప్పలేదమ్మా. నేను అమలు చేసేవాణ్ణి. సభ ఏం చెప్తే అది చేస్తాను. అర్థాలు తీయడం నా పని కాదు."

"మరి ఈ చివర నుంచే అని మీరెలా అర్థం తీశారండీ?"

కిటికీలోంచి ఓ చెయ్యి బయటికొచ్చి, హాల్లోకి దారి చూపించి, మళ్ళీ లోపలికి పోయింది.

హాల్లో సభాపతి గారున్నారు. వెడల్పాటి మనిషి, మాట అంతకంటే వెడల్పు. ఆవిడ కష్టమంతా విని చలించిపోయారు. కళ్ళు కూడా తుడుచుకున్నారు. "అన్యాయం తల్లీ, ఘోరం! కానీ మేం చట్టం చేసేదాకానే. చేశాక అది మా చేతుల్లో ఉండదు. ఎటు నుంచి లెక్కపెట్టాలన్నది అర్థం చెప్పుకునే వ్యవహారం. అది కోర్టు చూసుకోవాలి" అని నెత్తి మీద బాల్కనీ వైపు భక్తిగా చూశారు.

కోర్టు పిలుపు రావడానికే చాలా కాలం పట్టింది. ఈలోగా ఊళ్ళో కొత్త టైలరు వెలిశాడు, టైలరమ్మ ఖాతాదార్లు ఒక్కొక్కరే అటు జారుకున్నారు. ఇంట్లో చేతిసూదితో ఫాల్సులు కుట్టుకుంటూ, వేళ్ళు పొడుచుకుంటూ, ఆవిడ రోజులు నెట్టుకొచ్చింది. ఎట్టకేలకు బాల్కనీ మెట్లెక్కింది. జడ్జిగారు పద్ధతైన ఆడమనిషి. కళ్ళద్దాలు సర్దుకుని, ఆ ఒక్క వాక్యమున్న శాసనాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చదివారు.

"ఇందులో మూడో కొట్టు అని ఉంది. ఏ చివర నుంచి అని లేదు. లేని మాట నేను చేరిస్తే నేను చట్టం చేసినట్టవుతుంది. చట్టం చేసే అధికారం నాకు లేదు. సభనే అడగండి."

"మేడమ్, సభవాళ్ళు మిమ్మల్ని అడగమన్నారండీ."

"సభ ఏమన్నదో నాకు తెలియదు. తెలియకూడదు."

కిందనుంచి సభాపతి గారు "బాగా చెప్పారు!" అని ఉండబట్టలేక అనేశారు. ఆయన మాట విని జడ్జిగారు కళ్ళు మూసుకున్నారు. టైలరమ్మ గబగబా కిందికి దిగి వచ్చేసరికి సభాపతి గారు పేపరు వెనక ఉన్నారు. "కోర్టు ఏమంది తల్లీ?" అని అమాయకంగా అడిగారు. ఒళ్ళు మండిపోయింది ఆవిడకు. మండదా మరి?

ఆ రోజు ఆవిడ వెనక్కి తిరిగి మెట్ల సగానికి ఎక్కి, అక్కణ్ణుంచి పైకీ కిందికీ వినపడేలా గొంతెత్తింది. "అయ్యా, అమ్మా, ముగ్గురూ ఇక్కడే ఉన్నారు. ముగ్గురూ ఒక్కసారి చెప్పండి! నా కొట్టు మూడోదా కాదా?" కింద పేపర్లన్నీ మొహాలకు అడ్డం లేచాయి. తర్వాత పైనుంచి జడ్జిగారి గొంతు వచ్చింది, ఆవిడకు జవాబుగా కాదు. "ఈ మెట్లు ఎవరి పరిధిలోకి వస్తాయి?" అని. ఇక చూడండి సంబరం. పై మెట్లు కోర్టువని, కింది మెట్లు సభవని, మెట్లు ఊడవాల్సింది ఆఫీసరు కాబట్టి మొత్తం ఆయనవని, సాయంత్రం దాకా చర్చ జరిగింది. టైలరమ్మ నిలబడ్డ మెట్టు దగ్గరే ఏకాభిప్రాయం కుదరలేదు. ఆవిడ ఎప్పుడు దిగి వెళ్ళిపోయిందో ఎవరూ చూడలేదు.

ఆ వేళ ఇంటికొచ్చి ఏడ్చింది. అత్తగారి ముందు ఏడవకూడదని పంతం పట్టిన మనిషి, వంటింటి గుమ్మంలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తగారు అంచు సంగతి ఎత్తలేదు. "లే, మొహం కడుక్కో, అన్నం తిను" అని మాత్రం అంది. ఆవిడ నోట్లోంచి అంత చిన్న మాట రావడం టైలరమ్మ అదే వినడం.

ఇలా ఏడాది గిర్రున తిరిగింది. అప్పుడు రాజధాని నుంచి కబురొచ్చింది. దేశంలో అధికారాలను ఎక్కడివక్కడ విడగొట్టుకుని, ఒకరి గీత ఒకరు దాటకుండా నడుపుతున్న ఊళ్ళలో ఈ ఊరే మేటి అట. దానికి ఓ షీల్డు అట. రాజధానిలోని పెద్దాయన స్వయంగా వచ్చి ఇస్తారట. ఎవరూ నవ్వకండి, నిజంగానే వచ్చారు. నిజానికి ఆ సన్మానం కిందటేడే జరగాల్సింది, ఏదో అడ్డొచ్చి వాయిదా పడింది. అప్పట్లోనే పైనుంచి ముగ్గురికీ ఒకే తానులోంచి కోటు గుడ్డ పంపించారు, ముగ్గురూ సమానులని జనానికి తెలియడానికి. ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు ఆ గుడ్డ పట్టుకెళ్ళి టైలరమ్మకే ఇచ్చారు, చేతి పని బాగుంటుందని. తర్వాత కొద్ది రోజులకే కొట్టుకు సీలు పడింది. కోట్లు లోపల చిక్కుకున్నాయి. కక్షిదారుతో బట్టల లావాదేవీ ఉందని ఏ నోటితో చెప్పుకుంటారు? నోరు మూసుకున్నారు, అంతే.

సన్మానం సాయంత్రమనగా ఆ పొద్దున మూడు బళ్ళు వచ్చి టైలరమ్మ కొట్టు ముందు ఆగాయి. ముగ్గురూ దిగి, ఒకరినొకరు చూసి, చూడనట్టు నిలబడ్డారు. ఎవరో పరుగెత్తికెళ్ళి కబురు చెబితే టైలరమ్మ అత్తగారితో సహా వచ్చింది. ఆఫీసరు గారు గొంతు సవరించుకుని, "అమ్మా, మా కోట్లు..." అన్నారు. "మా" అన్నారు, విన్నారా! ఆ మాటతో ముసుగు తొలగిపోయింది. మిగతా ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ తర్వాత జరిగింది చూసి వీధి వీధంతా నోరు వెళ్ళబెట్టింది. టీ కొట్టు దగ్గరున్న సభ్యులను సభాపతి గారు చప్పట్లు కొట్టి పిలిచారు. జీపు బానెట్ చుట్టూ సభ తీరింది. "ఈ ఒక్క రోజుకూ, పొద్దుగూకేదాకా, మూడో కొట్టును ఆ చివర నుంచి లెక్కపెట్టవలెను." చేతులు లేచాయి. గొడుగు కింద నిలబడ్డ జడ్జిగారు, "చెల్లుతుంది" అన్నారు. ఆఫీసరు గారు తన చేత్తో తనే లక్క చితక్కొట్టి, ఆ గుడ్డ ఊడబీకి, తాళం తీశారు. టీ కొట్టులో మరుగుతున్న పాలు పొంగేలోపు అంతా అయిపోయింది. బ్యాటరీల కొట్టు వైపు మాత్రం ఎవరూ వెళ్ళలేదు, అక్కడ వాసన కదా!

టైలరమ్మ కదల్లేదు. ఏడాది పాటు కాళ్ళరిగేలా తిరిగింది, నెత్తీ నోరూ కొట్టుకుంది, ఖాతాదార్లను పోగొట్టుకుంది. ఇంత తేలికా ఇది? ఇంత తేలికైన పనికా తనను ఏడిపించింది? తిట్టాలని నోటిదాకా వచ్చింది. కానీ తలుపు తెరిచి ఉంది, లోపల మిషను కనిపిస్తోంది. తిట్టు మింగేసి లోపలికి పోయింది.

వేలెడు మందం దుమ్ము. ఓ మూల ఎలుకలు ఎవరిదో పావడా కొరికేశాయి. మిషను మీద కొంగుతో తుడిచి, నూనె వేసి, చక్రం చేత్తో తిప్పి చూసింది. మొరాయించి మొరాయించి తిరిగింది. కోట్లు తీసింది. ఒకదానికి చేతులు లేవు, ఒకదానికి కాలరు లేదు, ఇంకోదానికి లోపలి గుడ్డ వెయ్యలేదు. "కూర్చోండి, కుట్టి ఇస్తాను" అంది. ముగ్గురూ ఖాతాదార్ల బెంచీ మీద భుజం భుజం తగులుతూ కూర్చున్నారు. ఆ బెంచీ మీద పరిధుల గొడవేమీ రాలేదు.

కుట్టు నడుస్తుంటే వాళ్ళు కబుర్లలో పడ్డారు. షీల్డు ఎక్కడ తగిలించాలన్నది తేలాక, ఆఫీసరు గారు సభాపతి గారితో మెల్లిగా అన్నారు, "పొద్దుగూకగానే మళ్ళీ సీలు వెయ్యాలి కదా, లక్క తెచ్చే ఉంచాను. ఇక్కడెక్కడో గుడ్డముక్క దొరుకుతుందిగా." సభాపతి గారు తలూపారు. జడ్జిగారు కిటికీలోంచి వీధిలోకి చూశారు.

టైలరమ్మ పాదం ఆగిపోయింది. బయటికి రండమ్మా అంటారు. వస్తుంది. తలుపు మూస్తారు. మళ్ళీ ఆ కంత, ఆ మెట్లు, ఆ మూసిన కళ్ళు. ఇక తనవల్ల కాదు. చచ్చినా కాదు. ఆ మాట మనసులో అనుకుని మిషను మీద గుడ్డ సర్దుకుంది. మళ్ళీ తొక్కింది. చేతులు అతికించింది, కాలరు కుట్టింది, లోపలి గుడ్డ వేసింది, ఇస్త్రీ చేసి ముగ్గురికీ తొడిగి చూసింది. ముగ్గురూ అద్దంలో ముందుకూ వెనక్కూ తిరిగి చూసుకుని మురిసిపోయారు.

"ఇక రామ్మా బయటికి, టైమవుతోంది" అన్నారు ఆఫీసరు గారు.

"నేను రాను సార్."

"రానంటే?"

"నాకు పనుంది. మీరు వెళ్ళండి." ఎలుక కొరికిన పావడా తీసి మిషను మీద పరిచింది.

ఆఫీసరు గారు లక్క పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "మనిషిని లోపల ఉంచి సీలు వేస్తే బంధించినట్టవుతుంది. దానికి కోర్టు ఉత్తర్వు కావాలి" అని జడ్జిగారి వైపు చూశారు.

"నేను ఉత్తర్వు ఇవ్వాలంటే చట్టంలో ఉండాలి. కొట్టు మూయమన్నారు గానీ, అందులో కూర్చున్న మనిషిని ఏం చెయ్యాలో సభ చెప్పలేదు" అన్నారు జడ్జిగారు.

"ఒక్క మనిషి మీద శాసనం ఎలా చేస్తామండీ? అది తీర్పయిపోదూ!" అన్నారు సభాపతి గారు, చెమట తుడుచుకుంటూ. కొత్త కోటు కదా, ఉక్కగా ఉంది.

టైలరమ్మ తలెత్తింది. "ఇన్ని మాటలెందుకు సార్? మీలో ఎవరో ఒకరు లోపలికొచ్చి, నా చెయ్యి పట్టుకుని బయటికి లాగండి. వచ్చేస్తాను. ఒక్కరు చాలు."

ఒక్కరూ అడుగు వెయ్యలేదు. ఎలా వేస్తారు? ఎవరు వేసినా ఇంకొకరి గీత దాటినట్టే. గీత దాటనందుకే షీల్డు. వీధినిండా జనం, జనంలో అప్పటికే ఇద్దరు పేపరువాళ్ళు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బళ్ళెక్కారు. తలుపు తెరిచే ఉండిపోయింది.

సాయంత్రం సినిమా హాలు మీద మైకు మోగింది. అధికారాలు విడివిడిగా ఉంటేనే పేదవాడికి రక్ష అని పెద్దాయన చాలాసేపు చెప్పారు, ముగ్గురి కోట్లూ ఒక్కలాగే ఉన్నాయని మెచ్చుకున్నారు కూడా. టైలరమ్మ పావడాకు మాసిక వేస్తూ విన్నది. గుమ్మం దాటి బయటికి మాత్రం రాలేదు. దాటితే ఏమవుతుందో ఆవిడకు తెలుసు. వీధి మలుపులో బంట్రోతు లక్క పట్టుకుని కాపలా కూర్చున్నాడు. వెనక చిన్న గదీ, కుళాయీ ఉన్నాయి కాబట్టి సరిపోయింది గానీ, కొట్టు దక్కించుకున్నానని సంతోషించాలో, కొట్టులో ఖైదీనయ్యానని ఏడవాలో ఆవిడకు తెలియలేదు.

దీపాలు పెట్టే వేళకు అత్తగారు వచ్చింది, ఒక చేతిలో అన్నం క్యారేజీ, ఇంకో చేతిలో దిండు. బెంచీ మీద కూలబడి చుట్టూ చూసింది.

"ఎన్నాళ్ళు కూర్చుంటావే ఇందులో?"

"వాళ్ళు ముగ్గురూ ఒక్క మాట మీదికొచ్చేదాకా అత్తయ్యా."

"పొద్దున వచ్చారుగా! చిటికెలో వచ్చారు, నా కళ్ళతో చూశాను."

"పొద్దున వాళ్ళకి కోట్లు కావాలి. ఇచ్చేశాంగా. ఇక వాళ్ళకేం పని?"

అత్తగారు దిండు వైపు చూసింది, నేల వైపు చూసింది, కోడలి మొహం చూసింది.

"అయితే ఈ దిండు చాలదు. నీ మొగుడు బస్సు దిగ్గానే, మంచం మోసుకొచ్చి ఇక్కడ పడెయ్యమంటాను. నాకూ ఒకటి."